గాలితో పంతమా?

ఆషాఢంలో ఓ సాయంత్రం. కొవ్వూరులో పిన్ని వాళ్లింటి నుంచి అమ్మను స్కూటరు మీద రాజమండ్రి తీసుకొస్తున్నా. దారిలో 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన. కింద రైళ్లు, పైన మనం. అంత ఎత్తున గాలికి అడ్డేముంటుంది? కుడివైపు నుంచి ఒకటే తోపు. బండిని కాస్త కుడికి వాల్చి నడుపుతున్నా.

ఇంతలో కుడిపక్క నుంచి ఓ బస్సు దాటింది. అది అడ్డున్నంతసేపూ గాలి లేదు. బండి బస్సువైపు జరిగింది. బస్సు వెళ్లగానే గాలి ఒక్కసారిగా కొట్టింది. ఈసారి ఎడమవైపు రెయిలింగు దగ్గరకు! అమ్మ నా భుజం పట్టుకుంది. నేను హ్యాండిల్ బిగించా. బండి ఇంకా ఊగింది. ఎలాగో గట్టెక్కాం.

ఇంటికెళ్లి చెబితే, ముప్ఫై ఏళ్లు స్కూటరు నడిపిన నాన్న అడిగింది ఒక్కటే.

''హ్యాండిల్ బిగపట్టావా?''

''పట్టుకోకపోతే ఎలా నాన్నా?''

''అదేరా తప్పు. గాలి నీ ఒంటిని తోస్తుంది. బిగిసిన చేతులు ఆ తోపును ముందు చక్రానికి అందిస్తాయి.''

నిజమే. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. బైకయితే మోకాళ్లతో ట్యాంకును అదిమి కూర్చోవచ్చు. స్కూటరుకు ఆ వీల్లేదు. అందుకే వేగం తగ్గించాలి. మోచేతులు వదులుగా ఉంచాలి. పెద్ద బండి దాటుతుంటే, ఆ వెనకే వచ్చే గాలికి ముందే సిద్ధపడాలి.

పోయిన వారం మళ్లీ అదే వంతెన, అదే గాలి. నెమ్మదిగా పోనిచ్చా. చేతులు వదులుగానే ఉంచా. అమ్మ మాత్రం నా భుజం వదల్లేదు!