కొట్టినవాడూ, అందించినవాడూ

ర్యాంకులు కట్టడం మనకేం కొత్త కాదు. పెళ్ళి నుంచి వచ్చి కాళ్ళయినా కడుక్కోకముందే ఎవరి చీర మొదటిది, ఎవరి నగ రెండోది అన్నది తేల్చేస్తాం. అందుకే మా మనవడు మంచు హాకీ ఆటగాళ్ళకు వరసలు కడుతుంటే నాకు ముచ్చటేసింది.

వాడుండేది కెనడాలో, ఎడ్మంటన్‌లో. ఏప్రిల్ వచ్చిందంటే అక్కడ ఇంటింటా ఇదే గోల. ఏడాదంతా ఆడింది ఒక ఎత్తు, ప్లేఆఫ్స్ ఒక ఎత్తు. పదహారు జట్లు, ఒక్కో జతకూ ఏడు ఆటలు. ముందు నాలుగు గెలిచినవాళ్ళు పైమెట్టు ఎక్కుతారు. అలా నాలుగు మెట్లెక్కితేగానీ స్టాన్లీ కప్పు చేతికి రాదు. రెండు నెలల పబ్లిక్ పరీక్షన్నమాట!

పరీక్షల్లోనే మెరిసే పిల్లలుంటారు చూడండి. 1995లో క్లాడ్ లెమ్యూ మామూలు ఆటల్లో కొట్టినవి 6 గోల్స్. ప్లేఆఫ్స్‌లో 13! న్యూజెర్సీకి కప్పు, ఆయనకు ఉత్తమ ఆటగాడి బహుమతి కాన్ స్మైత్ ట్రోఫీ. గోల్‌కీపరు పాట్రిక్ రువా దాన్ని 1986, 1993, 2001లలో మూడుసార్లు అందుకున్నాడు. పోనీ, ట్రోఫీలు లెక్కపెట్టి పీట వేద్దామా అంటే, ప్లేఆఫ్స్‌లో 82 గోల్స్ కొట్టిన మారిస్ రిషార్ 1960లోనే ఆట మానేశాడు. ఆ ట్రోఫీ తొలిసారి ఇచ్చింది 1965లో! ఆయన్నేం చేస్తాం?

మావాడి పట్టికలో మొదటి పేరు ఎడ్మంటన్‌కి నాలుగు కప్పులు తెచ్చిపెట్టిన వేన్ గ్రెట్స్కీ. ప్లేఆఫ్స్‌లో 382 పాయింట్లు. నా ఓటూ అతనికే, కారణం మాత్రం వేరు. అందులో గోల్స్ 122. తక్కిన 260 అసిస్టులు. అంటే ఆ నల్ల రబ్బరు బిళ్ళను తోటివాడికి అందించినందుకు వచ్చినవి. కొట్టినవాడికీ ఒక పాయింటే, అందించినవాడికీ ఒక పాయింటే. అందించినవాళ్ళు ఇద్దరైతే ఇద్దరి పేర్లూ పుస్తకంలోకి ఎక్కుతాయి.

చెప్పొద్దూ, ఆ లెక్క వినగానే మా అత్తగారు గుర్తొచ్చారు. నలుగురు ఆడపడుచుల పెళ్ళిళ్ళు ఆవిడ చేతుల మీదుగా జరిగాయి. ఆల్బములన్నీ తిరగేస్తే ఆవిడ కనిపించేది ఒక్క ఫొటోలో. అదీ కాఫీ గ్లాసులు అందిస్తున్న చెయ్యి మాత్రమే. ఆవిడ పాయింట్లు ఏ పుస్తకంలో రాశారు?

2024లో అదే ఎడ్మంటన్ కుర్రాడు కానర్ మెక్‌డేవిడ్ ఒక్క ప్లేఆఫ్స్‌లోనే 34 అసిస్టులు చేశాడు. గ్రెట్స్కీ పేరున ఉన్న 31 వెనకబడింది. కప్పు మాత్రం చివరి ఆటలో ఫ్లోరిడాకు పోయింది. ఓడిన జట్టువాడైనా కాన్ స్మైత్ అతనికే ఇచ్చారు. అందుకోవడానికి అతను మంచు మీదికి రాలేదు.

కప్పు గెలవని ఆ ఏటికి అతన్ని ఎన్నో స్థానంలో పెట్టాలో తెలీక మావాడు పెన్సిలు కొరికాడు. నేనైతే మూడు లోపే పెడతాను. మీరేమంటారు?