రిజర్వుల కూసో

మా నాయిన నాచారం ఇండస్ట్రియల్ ఏరియాల హమాలి. ఉప్పల్ నుంచి సైకిల్ మీద పోయేటోడు. ఆయన ఎత్తు, ఆయన భుజాలు నాకొచ్చినయి. డిగ్రీల నన్ను కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్‌లకు తీసుకున్నది అందుకే.

అది 2010. మూడు పాయింట్ల గీతను 6.25 మీటర్ల నుంచి 6.75కు జరిపిన యేడు. మా కోర్టు మీద గూడ కొత్త గీత గీసిండ్రు. అంత దూరం నుంచి వేస్తే బాల్ ఎక్కువ తప్పుతుండె. తప్పిన ప్రతి బాల్‌నూ రింగు కింద నేను ఎగిరి పట్టాలె, బయటికియ్యాలె. వేసేటోళ్లు వేరే. సీజన్ మొదట్ల మూడు మ్యాచ్‌లు గట్లనే గెలిచినం. మూడింట్ల నేను రింగుకు వేసిన బాల్ ఒక్కటి లేదు. ఆటపరంగా అది తప్పు గాదు, పొడుగోణ్ణి రింగు కింద నిలబెట్టుడు ఏ టీమ్‌లనైనా వున్నదే. అందుకే నాకు అనుమానం రాలె.

అప్పటిదాక నా కులం ఎవ్వరూ అడగలె. నాలుగో మ్యాచ్ ముందు ఎస్సీ స్కాలర్‌షిప్పుల లిస్టు నోటీసు బోర్డు మీద పెట్టిండ్రు. ఆ పొద్దు ఆడే అయిదుగుర్ల నా పేరు లేదు.

"నీకు రిజర్వేషన్ వుందిగదా, రిజర్వుల కూసో" అన్నడు కెప్టెన్.

అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన. వాళ్ల నవ్వు ఎప్పుడో మర్చిపోయిన. నా నవ్వు యాదికొస్తే ఇప్పటికీ కడుపుల దేవినట్టయితది.

రాత్రి నాయిన సైకిల్ దిగుకుంట అడిగిండు, "గెలిచిండ్రా బిడ్డా?"

"గెలిచినం నాయినా" అన్న.