కూటసాక్షి

గడచిన వర్షాకాలమున మా మోటారుసైకిలునకు జబ్బు చేసెను. ఉదయమున దానిని నడుప నారంభించినంతనే పచ్చి పెట్రోలు కంపు ముంగిలి యంతయు నిండుచుండెను. వసారాలో కూర్చుండు మా పినతల్లిగారు ఉబ్బసరోగి. ఆమె కొంగు ముక్కున కడ్డము పెట్టుకొని లోనికి పోవుచుండిరి. వేగము తగ్గించినప్పుడెల్ల పొగగొట్టము టపటప ప్రేలుచుండెను. లీటరునకు 45 కిలోమీటర్లు నడచు బండి 35కు దిగెను.

మిత్రులొకరు చికిత్స చెప్పిరి. "పొగ నిబంధనలకు వెఱచి యీ కాలపు ఇంజనులను అర్ధాకలితో నుంచుచున్నారు. చిన్న పెట్టె యొకటి తగిలించితిరా, కడుపార త్రాగి ప్రేలుట మానును" అనిరి. మేము నమ్మితిమి. కార్బ్యురేటరు దినములలో స్క్రూడ్రైవరుతో మర త్రిప్పి, చెవి యొగ్గి చప్పుడు విని, మిశ్రమమును మేమే సరిచేసికొనెడివారము. ఆ విద్య యిప్పటికిని చెల్లునని భ్రమపడితిమి.

2020 ఏప్రిలు 1 నుండి భారత్ స్టేజి 6 నిబంధనలు అమలునకు వచ్చిన పిమ్మట క్రొత్త మోటారుసైకిళ్లలో ఆ మర దాదాపుగా కనుమఱుగయ్యెను. ఇప్పుడు పెట్రోలును ఇంజెక్టరు చిమ్మును. ఎన్ని మిల్లీసెకండ్లు చిమ్మవలయునో చిన్న కంప్యూటరు నిర్ణయించును. శుద్ధమైన పెట్రోలు పూర్తిగా మండుటకు దాని బరువునకు 14.7 రెట్లు గాలి కావలయును. నూటికి 20 పాళ్లు ఎథనాలు కలిసినచో సుమారు 13.5 రెట్లు చాలును. ఈ లెక్క తప్పకుండుటకై పొగగొట్టమున ఆక్సిజన్ సెన్సారు అను సాక్షి యుండును. పొగలో ఆక్సిజను మిగిలినచో పెట్రోలు చాలలేదనియు, మిగులనిచో ఎక్కువయ్యెననియు అది చెప్పును. కంప్యూటరు ఆ సాక్ష్యమును బట్టి తీర్పు నిచ్చును.

పెట్టె కొనుటకై గాజువాక పోయితిమి. అచ్చటి మెకానిక్కు 25 ఏండ్లు దాటని యువకుడు. "పెట్టె తరవాత కొందురుగాని మాస్టారూ, ముందు బండిని చూడనివ్వండి" అనెను. గాలి ఫిల్టరు ఓడరేవు బొగ్గుధూళితో నల్లబడియుండెను. మార్చినను కంపు పోలేదు. స్పార్కు ప్లగ్గు తీసి చూపెను; మసి పట్టియుండెను. "ఆకలి బండికి ఇంత మసి పడుతుందాండీ? దీనికి అజీర్ణం" అని నవ్వెను. ఇంజను చల్లారిన పిమ్మట మరల నడిపించి, గొట్టము వేడెక్కక మునుపే, అది యింజనును కలియు చోట సబ్బునీరు చల్లెను. బుడగలు లేచెను.

ఉప్పుగాలికి అచ్చటి నట్లు త్రుప్పుపట్టి వదులై, గ్యాస్కెటు చెడినది. పొగ తెరలుతెరలుగా వెడలును. తెరకును తెరకును నడుమ ఆ సందున బయటిగాలి లోనికి దూరుచుండెను. ఆ గాలిలోని ఆక్సిజనును చూచి సెన్సారు పెట్రోలు చాలలేదని మొఱపెట్టగా, కంప్యూటరు మఱింత పోయుచుండెను. ప్రేలుటకును ఆ గాలియే కారణము. సాక్షి అబద్ధికుడు కాడు; కన్నది చెప్పెను. మేము కొనబోయిన పెట్టెయే కూటసాక్షి. అట్టివానిలో పెక్కింటి పని సెన్సారు మాటను నడుమ మార్చి కంప్యూటరునకు వినిపించుటయే. దానిని తగిలించియుండినచో అజీర్ణరోగికి విందు చేసినవార మగుదుము. పరికరములు మారినను మన యలవాటు మారదు: కారణము వెదకకమునుపే మందు వేయుదుము.

సిగ్గువిడిచి చెప్పవలసిన మాట యొకటి మిగిలినది. ఆ జబ్బు ముదిరియున్న నెలలోనే మా పొగపరీక్ష పత్రమునకు గడువు తీరెను. గొట్టమున పరికరము పెట్టకయే పత్రము చేతికిచ్చిరి; మేము పుచ్చుకొంటిమి. నాడు కొలిచియుండినచో కార్బన్ మోనాక్సైడు అంకెయే రోగమును బయటపెట్టియుండెడిది. రేవు బొగ్గును, కర్మాగారముల పొగను గూర్చి విశాఖపట్టణపు సభలలో మొఱలిడువారిలో మేమును గలము. మా గొట్టము మాట యెన్నడు నెత్తలేదు. రెండవ కూటసాక్షి మా జేబులోనే యుండెను.

యువకుడు గ్యాస్కెటు మార్చి, కంప్యూటరు జ్ఞాపకమున పేరుకొన్న తప్పులెక్కలను చెరిపివేసెను. మఱునాడు మేము ఇల్లు చేరునప్పటికి పినతల్లిగారు వసారాలోనే యుండిరి. "బండి తీయకుండా నడిచి వెళ్లావా నాయనా?" అని యడిగిరి. ఆ సాయంకాలమే పాత పత్రమును చింపి, మరల పరీక్షకు పోయితిమి. గొట్టమున పరికరము పెట్టించి, అంకె కన్నులార చూచిన పిమ్మటనే పైకము చెల్లించితిమి.