ఎనిమిదిన్నర పాయింట్లు

1989లో రోమ్‌లో ఒక చదరంగం పోటీ జరిగింది. ఆడా మగా కలిసి ఆడే ఓపెన్ టోర్నమెంట్. హంగరీ నుంచి వచ్చిన పద్నాలుగేళ్ళ సోఫియా పోల్గార్ తొమ్మిది ఆటల్లో ఎనిమిది గెలిచి, ఒకటి డ్రా చేసుకుంది. ఆమె చేతిలో ఓడిన వాళ్ళలో చెర్నిన్, పలాత్నిక్, రజువాయెవ్ లాంటి సోవియట్ గ్రాండ్‌మాస్టర్లున్నారు. ఆమె ఆడిన స్థాయి 2700 రేటింగ్ దాటిందని లెక్క కట్టారు. చదరంగ లోకం ఆ గెలుపుకి ‘రోమ్ కొల్లగొట్టడం’ అని పేరు పెట్టింది. ఆడపిల్ల తన ఆట తను ఆడి గెలిస్తే, ఎవరి సొత్తో దోచుకుపోయినట్టు!

ఆమె అక్క సుసాన్, చెల్లెలు జూడిత్ ఇద్దరూ 1991లో గ్రాండ్‌మాస్టర్లయ్యారు. సోఫియా ఇంటర్నేషనల్ మాస్టర్ దగ్గర ఆగింది. తర్వాత బొమ్మలు వేసుకుంది, పిల్లలకి ఆట నేర్పింది, తన సంసారం తను చూసుకుంది. ఆమె గురించి రాసే వాళ్ళందరూ చివర్లో ‘అయ్యో’ అంటారు. చాలాకాలం నేనూ అన్నాను.

ఎందుకన్నానో చెప్పాలి. 2002లో గుడివాడలో పుట్టిన కోనేరు హంపి పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టరై జూడిత్ రికార్డు దాటినప్పుడు మా అమ్మాయికి పదేళ్ళు. మర్నాడే చదరంగం బోర్డు కొన్నాను. మహిళా గ్రాండ్‌మాస్టర్‌కి 2300 రేటింగ్ చాలు, గ్రాండ్‌మాస్టర్‌కి 2500 కావాలి. ఆ రెండొందల తేడా మీద కాలేజీలో ఉపన్యాసాలిచ్చేదాన్ని. నా వాదన గెలవడానికి నాకు ఒక ఉదాహరణ కావాలి. అది నా కూతురై ఉండాలి.

పదమూడో ఏట ఒక జిల్లా పోటీలో అది ఏడు ఆటల్లో ఆరు గెలిచి ఒకటి డ్రా చేసింది. ఇంకో అబ్బాయికీ అన్నే పాయింట్లు. టై బ్రేక్‌లో కప్పు అతనికి పోయింది. దీనికి ‘ఉత్తమ బాలిక’ అని ఒక స్టీలు పళ్ళెం ఇచ్చారు. అంతకు ముందే, దీని చేతిలో ఓడిన ఒక పిల్లాణ్ణి వాళ్ళ నాన్న అందరి ముందూ చెవి మెలేసి, “ఆడపిల్ల చేతిలో ఓడిపోయావురా, సిగ్గు లేదూ?” అని అరిచాడు. ఆ పిల్లాడు వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను పక్కనే ఉన్నాను. ఏమీ అనలేదు.

ఆర్నెల్లు తిరక్కుండా అది ఆట మానేసింది. నేను కోప్పడ్డాను, బతిమాలాను, రెండు నెలలు సరిగ్గా మాట్లాడలేదు. ఇంత చదువుకుని, ఇన్ని వ్యాసాలు రాసి, కూతురి ‘వద్దు’ని మాత్రం వినలేకపోయాను.

హంపి 2017లో తల్లయింది. తిరిగొచ్చి 2019లో ప్రపంచ మహిళల రాపిడ్ చాంపియన్ అయింది, 2024లో మళ్ళీ గెలిచింది. ఆ వార్త చూసి మా అమ్మాయి బెంగుళూరు నుంచి తనే ఫోన్ చేసి సంతోషపడింది. అప్పుడడిగాను, ఇన్నేళ్ళకి.

“నువ్వు మానేశావా, మానిపించారా?”

“రెండూనమ్మా. ఆ అబ్బాయి ఏడుస్తుంటే నేను గెలిచినట్టే అనిపించలేదు. ఇంటికొస్తే నువ్వేమో నా పాయింట్లు లెక్కపెట్టేదానివి. ఆట నాదిగా ఎప్పుడుంది?”

అందుకే ఇప్పుడు సోఫియా గురించి ‘అయ్యో’ అనలేను. ఆమె ఆగిందో, ఏది ఆమెని ఆపిందో ఆమే చెప్పాలి. ఆ ఎనిమిదిన్నర పాయింట్లు మాత్రం ఆమెవి. తర్వాత ఏమీ కాకపోయినా ఆమెవే.

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు అమ్మాయి షోకేసులో ఉన్న ఫొటో బయటికి తీసింది. చేతిలో స్టీలు పళ్ళెం, పక్కన నేను.

“చూడు, నేను నవ్వడం లేదు. నువ్వే నవ్వుతున్నావు.”

ఇరవై ఏళ్ళు రోజూ ఆ ఫొటోకి దుమ్ము తుడిచాను. ఆ సంగతి నాకు కనపడనే లేదు.