స్పానిష్‌ల ఇది, అది నేర్చుకుంటుంటే మా అమ్మ గుర్తొచ్చింది



కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి. నేను గోదావరిఖనిలో హాస్టల్‌ల ఉండి డిగ్రీ చదువుతున్న. మాది ఆసిఫాబాద్ దిక్కు గోండు గూడెం. మా ఇంట్ల కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు. మూడు నెలల నుంచి రాత్రి అన్నం తిన్నాక ఫోన్ల స్పానిష్ నేర్చుకుంటున్న. హైదరాబాద్ ఇఫ్లూ యూనివర్సిటీలో ఆ భాష మీద డిగ్రీలు ఉన్నయని ఒక సీనియరక్క చెప్పింది. స్పెయిన్, మెక్సికో, పెరూ, అర్జెంటీనా అన్నీ కలిపి 20 దేశాల దాక ఆ భాష నడుస్తది. "బొగ్గుబాయి ఊర్ల స్పానిష్ ఏందే" అని మా రూంల నవ్వుతరు. నవ్వనీ.

పోయిన వారం పాఠం 'ఇది, అది' గురించి. ఇంతేనా అనుకున్న. తెలుగుల మనకు రెండే దూరాలు: దగ్గరుంటే ఈ, దూరముంటే ఆ. త్రిక సంధిల ఆ, ఈ, ఏ అని చదివినం కదా, ఏ అనేది అడగడానికి. స్పానిష్‌ల మాత్రం దూరాలు మూడు. నా దగ్గరున్న దానికి ఎస్తె. నీ దగ్గరున్న దానికి ఎసె. ఇద్దరికీ దూరమున్న దానికి అకెల్.

డాబా మీద కూర్చొని ప్రాక్టీస్ చేసిన. నా చేతిల పుస్తకం 'ఎస్తె లీబ్రో'. దోస్తు పక్కనున్న బకెట్ 'ఎసె కూబో'. దూరంగ కనబడే ఎన్టీపీసీ పొగగొట్టం 'అకెయ్యా చిమెనేయా'. అకెల్ కాస్తా అకెయ్యా ఎందుకైందంటే, చిమెనేయా ఆడ మాట. వాళ్లకు వస్తువులల్ల కూడ ఆడ, మగ ఉంటయి. బొగ్గు మగ: ఎస్తె కార్బోన్. గని ఆడ: ఎస్తా మీనా. ఎక్కువుంటే ఎస్తోస్, ఎస్తాస్. మన 'ఈ' మారదు: ఈ పిల్ల, ఈ పిల్లగాడు, ఈ పుస్తకాలు. వెనక పేరు తీసేస్తేనే ఈమె, వీడు, ఇవి అని మారుతది. స్పానిష్‌ల పేరు తీసేసినా అదే మాట నిలబడుతది. 'ఎస్తా మీనా' అంటే ఈ గని, ఉత్తగ 'ఎస్తా' అన్నా ఆ గనే.

ఇంకో మూడు మాటలున్నయి: ఎస్తో, ఎసో, అకెయ్యో. పేరు తెల్వని వస్తువుకు, జరిగిన సంగతికి, విన్న మాటకు వాడతరు. మనిషిని చూపించి అనొద్దు, అంటే మనిషిని వస్తువును చేసినట్టే. అది చదివి ఫోన్ పక్కన పెట్టిన.

ఇంటర్ల చేరేటప్పుడు ఒక కాయితం కోసం అమ్మా నేనూ ఒక ఆఫీసుకు పోయినం. అమ్మకు తెలుగు సగమే వస్తది. తెలుగు, గోండి కలిపి ఏదో చెప్పింది. కుర్చీల ఉన్నాయన అమ్మ దిక్కు చూడకుండ పక్కాయనతోని "అదేమంటుందో అడుగు" అన్నడు. మా అమ్మ ఆయన కంటే పెద్దది. నాకు చెవులు వేడెక్కినయి, కాని నోరు లేవలే. బస్సుల అమ్మ ఏమన్నదో తెలుసా? "ఆయన మంచోడే, కాయితం ఇచ్చిండు కద."

ఎందుకంటే గోండిల ఆడమనిషికి మాట అదే. మగాయన 'వోర్'. ఆడామె 'అద్', చెట్టు 'అద్', ఆవు 'అద్'. దగ్గరుంటే 'ఇద్'. అందుల తక్కువ చేసుడు లేదు. తెలుగుల కూడ చెల్లెను, దోస్తును "అది ఇంక రాలే" అంటం, దగ్గరి మనిషి కాబట్టి. పని కోసం నిలబడ్డ పెద్దామెను ముక్కు మొఖం తెల్వనాయన అంటే అట్ల కాదు. ఆయనకు 'ఆమె' అనే మాట రాక కాదు. బర్రో, ఎమెనో కూర్చిన ద్రావిడ భాషల నిఘంటువు (1984 ముద్రణ) ఈ 'అ'తోనే మొదలైతది. మన గోండి అద్, తెలుగు అది అందుల ఒక్క దగ్గరనే ఉన్నయి. రెండు మాటలు చుట్టాలే, అందుకే అమ్మ పట్టుకోలేకపోయింది.

నా తప్పు కూడ చెప్పాలె. స్పానిష్‌ల 'ఎసె' పేరు వెనక పెట్టి 'ఎల్ చీకో ఎసె' అంటే చాలాసార్లు చులకన, మనం 'గా పిల్లగాడు' అని మూతి తిప్పినట్టు. మొదటి ఏడు మా రూంల చేరిన కోలాం అమ్మాయిని, పేరు తెలిసి కూడ, నెల రోజులు 'గా కోలాం పిల్ల' అన్న. మొన్న సారీ చెప్పిన. "ఇప్పుడెందుకే" అని నవ్వింది, కాని మర్చిపోలేదని అర్థమైంది.

నిన్న అమ్మకు ఫోన్ చేసి ఆఫీసు సంగతి చెప్పిన. కొంచెం సేపు మాట్లాడలే. తర్వాత గోండిల "అప్పుడే చెప్పాలె గద, నేనే అడిగేదాన్ని" అన్నది. అమ్మకు తెల్వకపోతే బాధ ఉండదనుకొని ఇన్నేండ్లు దాచిన. ఆమె అడిగే మనిషని నాకే తట్టలే.

మీ గూడెంల, తండాల, కోయ, కొలామి, లంబాడి భాషలల్ల ఆమెను, అతన్ని, వస్తువును ఎట్ల చూపిస్తరో రాయండి. మీ అమ్మలను, అమ్మమ్మలను అడిగి రాయండి. నోట్‌బుక్‌ల స్పానిష్ పక్కన గోండి ఎక్కిచ్చిన, మిగిలిన గడులు ఖాళీగున్నయి.

జోహార్.