ప్రార్థన కొండ మీద ఒక ఉదయము

ఒంగోలులోని ప్రార్థన కొండను చూడవలెనని మా సంఘ స్త్రీల సమాజము వారు రెండేళ్ళుగా వంటకు ముందు గుప్పెడు బియ్యము తీసిపెట్టి, అమ్మి, బస్సు ఛార్జీలు కూడబెట్టారు. మొన్న జనవరిలో పదకొండు మందిమి బయలుదేరాము. మా ఊళ్ళో వానలు లేక కంది ఎండిపోయింది. ఇరవై రెండు కుటుంబాలలో ఆరు పనులకు వలసపోయాయి. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నది గాని, మమ్మల్ని వేరొక సంఘమునకు మార్చమని రాసుకున్న ఉత్తరము మా సంచిలోనే ఉన్నది.

తెల్లవారకముందే కొండ ఎక్కాము. పెద్ద కొండేమీ కాదు. కింద పట్టణములో దీపాలు ఇంకా వెలుగుతున్నాయి. 1854 జనవరి 1న సూర్యోదయ వేళ జ్యూయెట్ దొరగారు, దొరసానిగారు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఇక్కడ మోకరించి, ఒంగోలుకు ఒక మిషనరీని పంపుమని ప్రార్థించారు. వారి మిషను 1836లోనే మొదలైనది. ఫలము బహు స్వల్పము. దీనిని మూసివేద్దామా అని అమెరికాలోని పెద్దలు ఆలోచిస్తున్న రోజులవి. క్లౌ దొరగారు ఒంగోలు వచ్చేసరికి 1866 అయినది. 1867 జనవరి 1న సంఘము ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మందే!

ఇదంతా నోటుబుక్కులో రాసుకొని చదివి వినిపించాము. మాతో వచ్చిన అవ్వ ఒకామె అడిగింది: "అయ్యగారూ, మరి ఆ పన్నెండేళ్ళూ వాళ్ళకు సమృద్ధి జీవము ఉన్నట్టా, లేనట్టా?"

సమృద్ధి జీవమును గూర్చి మేము మూడు ఆదివారాలు ప్రసంగించి ఉన్నాము. పంటలు, పిల్లలు, నిండిన గాదెలు అన్నీ చెప్పాము. కొండ మీద ఆ మాటలు ఒక్కటీ పనికిరాలేదు.

"ఉన్నట్టే అవ్వా," అన్నాము, గొంతులో బలము లేకుండా.

"లేకపోతే చీకట్లో కొండెందుకు ఎక్కుతారులే," అన్నదామె.

మధ్యాహ్నము వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డుకు వెళ్ళాము. 1876-78 కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ పనిలో కొంత భాగము కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి దొరికేలా చేశారు. అయితే ఆ సహాయము నడిచినంత కాలము, అడిగినవారికి బాప్తిస్మము ఇవ్వలేదు. కూటి కోసము చేరారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. సహాయము ఆగిన తరువాత కూడా జనము వచ్చారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఈ అంకెను మన పాస్టర్లము ఎంతో ఇష్టముగా చెబుతాము. ఈసారి మాత్రము దానికి ముందున్న నెలలే మా మనస్సును పట్టుకున్నాయి. సంఘపు పట్టీ పెంచుకోవడానికి అంతకంటె సులువైన సమయము ఉంటుందా? ఆయన కూలి ఇచ్చి ఊరుకున్నారు.

ఒంగోలు బస్టాండులో లెక్క చూస్తే ఏడు వందల నలభై రూపాయలు మిగిలాయి. మందిరములో మైకు బాగుచేయించాలని మా ఆశ. ఆడవాళ్ళు మమ్మల్ని అడగకుండానే, మా వీధి చివర నెల రోజులుగా మంచాన పడి ఉన్న ఒకాయన ఇంటికి ఇయ్యాలని తీర్మానించేశారు. వారు మన సంఘస్థులు కారు.

"వాళ్ళు మందిరానికి వస్తారనా అవ్వా?" అని అడిగాము.

"రారు అయ్యగారూ," అన్నది అవ్వ, గిన్నె మూత తీస్తూ. "చెయ్యి పట్టండి, పులిహోర పెడతాను."

ఇంటికి వచ్చి చూస్తే ఉత్తరము సంచి అడుగున నలిగి, నూనె మరకలు పట్టి ఉన్నది. మళ్ళీ రాయలేదు.