అడిగెడి తీరు

మా చిన్నవానికి అయిదవయేడు నడుచుచుండగా మా యింట వెండి ఉగ్గుగిన్నె కనబడకపోయెను. అది మా పుట్టినింటివారు పెట్టినది. ఆ మధ్యాహ్నము అంట్లు తోమునామె తన కూతును వెంటబెట్టుకొని వచ్చియుండెను. మేము పిల్లవానిని ఒడిలో గూర్చుండబెట్టుకొని "ఆ పిల్ల గిన్నె తీయుట నీవు చూచితివి కదా?" యని యడిగితిమి. చూడలేదనెను. మరల నడిగితిమి. బెల్లపుముక్క చేతిలో బెట్టి మూడవసారి యడిగితిమి. చూచితిననెను. ఎచట దాచినదనగా, పరికిణీ కుచ్చెళ్లలో ననెను! ఇంత వివరముగా చెప్పు పసివాడు కల్లలాడునా యని మేము నిశ్చయించుకొంటిమి. ఆమె ఆ సాయంకాలమే పని మానుకొనెను.

పదునైదు దినములకు గిన్నె ఊరగాయ జాడీల వెనుక దొరకినది. వింత యేమనగా, దానిని కంటియెదుట బెట్టినను మావాడు "ఆ పిల్ల తీయగా నేను చూచినాను" అనుచునే యుండెను. వాడు అబద్ధమాడుట లేదు. మా మాటయే వానికి జ్ఞాపకమై కూర్చున్నది.

మా వారు ఈ సంగతి విని, క్రిమినలు కేసులలో సాక్ష్యమిచ్చెడి మనశ్శాస్త్రజ్ఞులను గూర్చిన పుస్తకమొకటి తెచ్చి యిచ్చిరి. అందలి యొక అమెరికా వ్యవహారమును చదువుచుండగా మాకు చెమటలు పట్టినవి.

1983లో, లాస్ ఏంజెలిస్ దాపున మాన్‌హటన్ బీచ్ అను ఊర, మెక్‌మార్టిన్ శిశుపాఠశాలలోని ఉపాధ్యాయుడు తన బిడ్డకు అపచారము చేసెనని యొక తల్లి ఫిర్యాదు చేసెను. పోలీసువారు సుమారు 200 కుటుంబములకు ఉత్తరములు వ్రాసి, అనుమానితుని పేరు తెలిపి, మీ బిడ్డలను అడిగి చూడుడనిరి. ఇక తల్లుల సంగతి సోదరీమణులకు చెప్పవలయునా? తరువాత వందలకొలది పిల్లలను బొమ్మలతో ఆడించుచు, తక్కినవారందరు చెప్పిరి, నీవును తెలివిగలవాడవు గదా, చెప్పుము అను తీరున ప్రశ్నించిరి. లేదన్న బిడ్డను మరల నడిగిరి. కొందరు బడి క్రింద సొరంగములున్నవనిరి. ఏడుగురిపై నేరము మోపిరి.

1987లో ఆరంభమైన విచారణలో ముద్దాయిల పక్షమున నొక మనశ్శాస్త్రజ్ఞుడు ఆ సంభాషణల వీడియో టేపులు చూచి సాక్ష్యమిచ్చెను. ఇట్టివారి పని బిడ్డ నిజము చెప్పెనా, కల్ల చెప్పెనా యని తీర్చుట కాదు. అది న్యాయాధిపతి, జ్యూరీవారల పని. ఏ మాట మొదట బిడ్డ నోట వచ్చినది, ఏది పెద్దల నోటినుండి బిడ్డ నోటికి పోయినది అని, బియ్యములో రాళ్లేరినట్లు వేరుపరచి చూపుట వీరి పని. 1990లో ఆ వ్యవహారము ఒక్కరికైనను శిక్ష లేకయే ముగిసెను. ప్రధాన ముద్దాయి అప్పటికే సుమారు అయిదేండ్లు చెరలో నుండెను. నిజముగా ఏ బిడ్డకైన కీడు జరిగియుండెనేని, అదియు ఆ ప్రశ్నల క్రిందనే పూడిపోయినది.

మన దేశమున 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము వకీలు బిడ్డను నేరుగా ప్రశ్నింపరాదు. ప్రశ్నలను న్యాయాధిపతికి అందించిన, ఆయనయే యడుగును. మనశ్శాస్త్రము తెలిసినవారి సాయమునకును అందు వీలున్నది. ఇది విని పసివారి మాట నమ్మరాదనుకొనుట పొరపాటు. "ఏమి జరిగినది, చెప్పు నాయనా" యని యూరకుండిన, బిడ్డలు ఉన్నదున్నట్లు చెప్పగలరని యీ శాస్త్రజ్ఞులే యనుచున్నారు. ఊరకుండుటయే మాకు చేతగాలేదు.

అంట్లు తోమునామె యిల్లు మా వీధి చివరనే యున్నది. గిన్నె దొరకిన నాడే మా వారు వెళ్లి చెప్పి వచ్చిరి. ఆ పిల్ల మమ్ము చూచిన తలవంచుకొని పోవుచున్నది. మేమింకను వెళ్లలేదు.